పొద్దున్నకల్లా బిగుసుకునే క్లచ్

జూన్ 2

వదినా,

నీ బండి నాకొద్దు. వచ్చి తీసుకుపో.

ముందు ఈ ముక్క రాసేస్తే గానీ క్షేమసమాచారాలు కలంలోంచి దిగేలా లేవు. ఇప్పుడు సావధానంగా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు? మీరు తవ్వే సొరంగంలో దుమ్ము ఎక్కువా? ఫోను కూడా అందని చోట ఫిట్టరు పని ఎందుకు ఒప్పుకున్నావని మళ్ళీ అడగను. అన్నయ్య కటింగ్ మాస్టర్‌గా చేసిన బట్టల కంపెనీ మూతపడ్డాక ఇంట్లో ఎవరో ఒకరు కదలాలి కదా, నువ్వు కదిలావు. నేనూ కదిలాను. రక్తపరీక్షల ల్యాబులో చేరాను. క్లినిక్కులన్నీ తిరిగి శాంపిళ్ళు పట్టుకొచ్చే పని. ఆగస్టు ఆఖరుదాకా చూసి, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారట. ఆలస్యమైతే శాంపిల్ పాడైపోతుంది. అందుకని మా మేనేజరు నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు గోడ గడియారం చూసి, తర్వాత నన్ను చూస్తాడు.

ఇక నీ బండి. దాని క్లచ్ లివర్ లివర్ కాదు, తుప్పు పట్టిన తలుపు గడియ. సిగ్నల్ వచ్చినప్పుడల్లా నాలుగు వేళ్ళూ వేసి, పళ్ళు బిగబట్టి లాగాలి. రోజంతా అలా లాగాక సాయంత్రానికి నా ఎడమ చెయ్యి నా మాట వినదు. నిన్న జడ వేసుకోలేకపోయాను. మొన్న కూడలిలో లివర్ వేళ్ళలోంచి జారిపోయి బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనకాల బస్సు డ్రైవరు నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ పేరుపేరునా తలుచుకున్నాడు. ఆ రోజు శాంపిళ్ళు ఆలస్యం. మేనేజరు ఏమీ అనలేదు, పుస్తకంలో రాసుకున్నాడు. అంటేనే బాగుండేది.

వీధి చివర మెకానిక్ తెలుసుగా, ఏ పని చెప్పినా "రేపు రండి" అంటాడని మనం రేపు మాస్టారని పేరు పెట్టాం. చూపిస్తే, "ఇది ఆడవాళ్ళకి బరువేనమ్మా, స్కూటరు తీసుకోండి" అన్నాడు. ఈ సలహా మాత్రం అదే రోజు ఇచ్చాడు.

అన్నయ్య అలాగే ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. పెడితే తింటాడు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. పొద్దున్న మాత్రం నాకంటే ముందే లేచి నీ బండి తుడుస్తాడు. అంతవరకూ నయం.

క్లచ్‌కి ఏదో ఒక దారి చెప్పు. లేదా ఆ బండిని తూకానికి వేసేస్తాను.

విరిగిన చేత్తో,
నీ ఆడపడుచు


జూన్ 11

వీరనారి ఆడపడుచు గారికి,

క్లచ్ ఎడమ చేత్తో లాగుతారు, ఉత్తరం కుడి చేత్తో రాస్తారు. కాబట్టి విరిగిన చెయ్యి డాబు నా దగ్గర కుదరదు.

ఆ బండి మీద నేను తొమ్మిదేళ్ళు తిరిగాను. నేనేమన్నా మగవాడినా? రేపు మాస్టారిని అడుగు, ఆయన ఆ కేబుల్ ఎప్పుడైనా ఊడదీసి చూశాడేమో. చూసి ఉండడు. బరువంటే సరిపోతుంది, పనీ తప్పుతుంది. ఇక్కడ నా కింద పనిచేసే కుర్రాళ్ళు అలాంటి మాట అంటే నేను పానా గిరాటేస్తాను. ఇక్కడ అంటే ఒక ఇనప డబ్బా. అదే వర్క్‌షాపు. బయట సొరంగంలోకి గాలి కొట్టే ఫ్యాన్లు పగలూ రాత్రీ ఊదుతూనే ఉంటాయి. నాకు చెవుడు వస్తే ఆ ఫ్యాన్ల వల్ల అనుకో, నీ ఫిర్యాదులు వినకుండా ఉండటానికి కాదు.

విను. కేబుల్ లోపల తీగ ఎండిపోయి ఉంటుంది. అది తొడుగులో రాసుకుంటూ కదులుతుంది కాబట్టి, లాగే బలంలో సగం దానికే పోతుంది. హ్యాండిల్ దగ్గర చక్రాన్ని వెనక్కి తిప్పి, తీగ చివరి గుండును లివర్లోంచి జార్చు. ప్లాస్టిక్ కవరు మూల కత్తిరించి గరాటులా కేబుల్ నోటికి కట్టు. ఇంజన్ ఆయిల్ కొంచెం కొంచెంగా పోస్తూ ఉండు. కింద నుంచి నల్లగా కారుతుంది. శుభ్రంగా కారేదాకా ఆపకు. ఇది ఒక్క సాయంత్రం పని. ఓపిక కావాలి, అదే నీ దగ్గర ఉండదు.

బిగించేటప్పుడు అసలు సంగతి మర్చిపోకు. లివర్ మొదట్లో కొంచెం ఖాళీ కదలిక ఉండాలి. దాన్నే మేం ప్లే అంటాం. రెండు నాణేలు పట్టేంత. అది లేకుండా బిగిస్తే లివర్ చాచిన చోటి నుంచే బరువెక్కుతుంది. నీ వేళ్ళు పొట్టి, అక్కడ వాటికి బలం ఉండదు.

మీ అన్నయ్యకు నేను నాలుగు పేజీలు రాస్తే, "బాగున్నాను, నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను" అని ఒక్క ముక్క పంపాడు. వేళకి తినమనీ, ఎండలో కాసేపు నడవమనీ చెప్పి వచ్చాను. చేస్తున్నాడంటే నమ్మాలో వద్దో నువ్వు రాయి.

బండిని తూకానికి వేస్తే, నిన్నూ దాంతోపాటు వేయిస్తాను.

మీ వదిన


జూన్ 20

వదినా,

నీ నోట్లో పంచదార పొయ్య! ఆయిల్ పోశాను. నా చేతులకి, నా చుడీదార్‌కి, మెట్లకి, ఇంటివాళ్ళ పిల్లికి, అన్నిటికీ అయ్యాక మిగిలింది కేబుల్లోకి పోయింది. నల్లటి బురద కారింది. నువ్వన్నట్టే రెండు నాణేలు పెట్టి ఖాళీ చూశాను. సందులో ఒక రౌండ్ కొడితే, నీ మీద ఒట్టు, రెండు వేళ్ళకి వచ్చేసింది లివర్. అంత హాయిగా ఉంటే ఇంకో రౌండ్ కొట్టాను.

అందుకే అన్నాను పంచదార అని. ఇప్పుడు ఉప్పు పోస్తున్నాను. తెల్లారి బండి తీశానా, మళ్ళీ రాయి! మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసిపోయింది. సాయంత్రం వెన్నలా ఉన్నది పొద్దున్నకల్లా ఎలా గడ్డకడుతుంది? నీ ఆయిల్ ఒక్కరాత్రి ఆయిలా? మళ్ళీ పోశాను. మళ్ళీ సాయంత్రం వెన్న, పొద్దున్న రాయి. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి ఆయిల్ డబ్బాని కాలితో తన్నాను. అది కూడా నొప్పే.

అన్నయ్య నడకకు వెళ్ళడం లేదు. వేళకి తినడం కూడా నేను కంచం ముందు పెడితేనే. నువ్వు చెప్పినవి ఏం చేస్తున్నాడో నాకు కనబడలేదు. క్లచ్ గట్టిగా ఉందని ఆయన ముందు గోలపెట్టాను. "అవునా" అన్నాడు. "ఊఁ" కాదు, "అవునా". కాస్త మెరుగే అనుకున్నాను.

ఆయిల్ మరకలతో,
నీ ఆడపడుచు


జూన్ 29

అమ్మాయ్,

ఆయిల్ ఆవిరైపోయే వస్తువు కాదు. కేబుల్లో పోసిన ఆయిల్ రాత్రికి రాత్రి ఎక్కడికి పోతుంది, సినిమాకా?

నువ్వు సగం చేసి సగం వదిలేస్తావు. చిన్నప్పటి నుంచీ నీ సంగతి అంతేనని మీ అన్నయ్యే చెప్పేవాడు. అయినా ఇంకోటి చూడు. ల్యాబువాళ్ళు హ్యాండిల్‌కి ఏమైనా తగిలించారా? నాకు తెలుసు, వాళ్ళ పేరు రాసిన పలకలాంటిది తగిలిస్తారు. కేబుల్ని దానికి ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి కట్టి ఉంటారు. అలా మడత పడితే లోపల తీగ ఒరుసుకుంటుంది. ట్యాగులు కోసేసి, కేబుల్ని విశాలమైన వంపులో పోనివ్వు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడు ఎక్కడా బిగుసుకోకూడదు.

ఇది కూడా చేశాక, మళ్ళీ పొద్దున్న రాయి అని రాయకు. రాస్తే నీకు స్కూటరు మీద మనసుపడిందనీ, నా బండిని వదిలించుకోవడానికి సాకులు వెతుకుతున్నావనీ అనుకుంటాను. రేపు మాస్టారు మంత్రం బాగానే వేసినట్టున్నాడు.

మీ వదిన


జూలై 9

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందినది. పలక ఉన్నది. ట్యాగులు ఉన్నవి. వాటిని కోసితిని. కేబుల్‌ను మీరు చెప్పినట్టు విశాలమైన వంపులో పోనిచ్చితిని. సాయంత్రం వెన్న.

పొద్దున్న రాయి.

నేను సాకులు వెతికేదానినని మీరు అనుకుంటే అనుకోండి. నిన్న రెండోసారి ఆలస్యమైనది. మేనేజరుగారు పిలిపించి, ఇంకొకసారి జరిగితే ఆగస్టుదాకా ఆగనక్కరలేదని చెప్పినారు. నేను చెయ్యి చూపినాను. బొటనవేలి మొదలు వాచినది. అది పనికి సంబంధించిన విషయం కాదన్నారు.

రేపు మాస్టారు తన దగ్గర ఒక స్కూటరు ఉన్నదనీ, దానికి బదులు మీ బండి తీసుకుంటాననీ అన్నారు. ఆలోచిస్తున్నాను. ఈ బండికి మీరంటే ఇష్టం, నేనంటే గిట్టదు. ఇంతకుమించి నాకు ఏ కారణమూ కనబడుటలేదు.

ఇట్లు,
చిన్నప్పటి నుంచీ సగం పనులు చేసే మీ ఆడపడుచు


జూలై 18

ఏయ్,

"కోసితిని", "పోనిచ్చితిని" అని రాస్తే నేను భయపడతాననుకున్నావా? భయపడ్డాను. ఇక ఆ భాష ఆపు.

బొటనవేలు వాచిందని మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. జడ, బస్సు డ్రైవరు, పిల్లి, అన్నీ రాశావు. అది మాత్రం దాచుకున్నావు. వేడినీళ్ళలో పెట్టు. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అబద్ధం చెప్పవు, చెప్తే ఇంత విసుగ్గా చెప్పవు. కానీ ఆ బండికి గానీ రేపు మాస్టారు చెయ్యి తగిలిందో, సొరంగం సగంలో వదిలేసి నడిచి వచ్చేస్తాను, గుర్తుంచుకో. నా సంపాదనతో నేను కొనుక్కున్న మొదటి వస్తువు అది. మీ అన్నయ్య దాని వెనక కూర్చునే నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నడపడం ఆయనకు రాదు, ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

ఆ పొద్దున్న రాయి ఏమిటో ఇక్కడ కూర్చుని నా బుర్రకి అందడం లేదు. అందుకని మొరటు వైద్యం చేస్తున్నాను. కేబుల్ కింద ఇంజన్ దగ్గర ఒక చిన్న ఇనప చెయ్యి ఉంటుంది, కేబుల్ లాగితే అది తిరుగుతుంది. దానికంటే వేలెడు పొడుగ్గా ఇంకోటి ఇక్కడ కోసి, సానబట్టి, రేషను వ్యాను డ్రైవరుతో పంపిస్తున్నాను. చెయ్యి పొడుగైతే లాగడం తేలిక. పొడుగాటి గునపంతో బండ లేపడం లాంటిదే.

ఒక్కటే జాగ్రత్త. దీనితో లివర్ ఎక్కువ దూరం లాగాలి, కాబట్టి ఖాళీ సరిగ్గా ఉండాలి. మరీ వదిలేస్తే గేరు పడదు. మరీ బిగిస్తే క్లచ్ ప్లేట్లు పూర్తిగా అతుక్కోక జారతాయి, జారితే మాడతాయి. ఒకసారి సరిచేశాక ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు. రేపు మాస్టారిని అస్సలు.

మీ వదిన


జూలై 30

వదినా,

తెలిసింది. ఆ పొద్దున్న రాయి ఏమిటో తెలిసింది. కూర్చుని చదువు. నిలబడి చదివితే ఏదో ఒకటి గిరాటేస్తావు.

నువ్వు పంపిన చెయ్యి బిగించాను. సాయంత్రం పట్టు. వెన్న కాదు, పట్టు! మర్నాడు కాస్త గట్టిపడింది, ఆ మర్నాడు ఇంకాస్త. అయినా పాతదానికంటే నయమని ఊరుకున్నాను. గురువారం పైవంతెన ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బండి కదలదు. మాడిన వాసన. దిగి, శాంపిళ్ళ పెట్టెతో సహా వంతెన దిగేదాకా తోసుకుంటూ పోయాను. మేనేజరు ఇది ఆఖరుసారన్నాడు. రేపు మాస్టారు ప్లేట్లు మార్చి, పాతవి చూపించాడు, నల్లగా కమిలిపోయాయి. "ఇంత బిగించేశారేమిటమ్మా, ఊపిరాడుద్దా దీనికి?" అన్నాడు. నేను బిగించలేదన్నాను. నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చింది. పెరట్లో చప్పుడైతే కిటికీలోంచి చూశాను. అన్నయ్య బండి తుడిచాడు. గుడ్డ మడిచి సీటు మీద పెట్టాడు. లివర్ పట్టుకుని రెండుసార్లు కదిపి చూశాడు. జేబులోంచి పానా తీశాడు. కిందికి వంగి, నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ లివర్ కదిపాడు, మళ్ళీ తిప్పాడు. ఎంత శ్రద్ధగానో! చొక్కా కాలరు కత్తిరిస్తున్నంత శ్రద్ధగా.

వెళ్ళి, "ఏం చేస్తున్నావు?" అన్నాను.

"బిగిస్తున్నా. రోజూ చూస్తున్నా, మళ్ళీ మళ్ళీ వదులైపోతోంది ఎందుకో."

"రోజూనా?"

"ఊఁ. మీ వదిన వెళ్ళేటప్పుడు చెప్పింది, క్లచ్ వదులైతే బిగిస్తూ ఉండమని. నువ్వు కష్టంగా ఉందన్నావు కదా. వదులు కావడం వల్లే అనుకుని, ఇంకొంచెం గట్టిగా బిగిస్తున్నా."

వదినా, నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ రాయలేను. నా చెయ్యి చూపించాను. నా ఉద్యోగం పోతోందన్నాను. ఏమీ చెయ్యకుండా పడుకుంటే కనీసం నష్టం ఉండదన్నాను. ఆయన పానా సీటు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

నీకు కూడా ఒక మాట. నాకు వదులు చెయ్యమని రాస్తూ, ఆయనకి బిగించమని చెప్పి వెళ్ళావా? ఇద్దరి చేతా ఒకే కేబుల్‌ని అటూ ఇటూ లాగించావు, అంత దూరం నుంచి!

నీ ఆడపడుచు


ఆగస్టు 8

ముందు ఇది రాయి. పొద్దున్న లేస్తున్నాడా?

చెప్పాను, అవును. నేను బయల్దేరిన రోజు ఆయన మంచం దిగలేదు. బస్సుకి వేళవుతోంది. సంచి గుమ్మంలో పెట్టుకుని ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. బాగా ఉండు అంటే ఎలా ఉంటాడు? ధైర్యంగా ఉండు అంటే నాకే లేదు. "బండి క్లచ్ వదులైతే బిగిస్తూ ఉండు, నువ్వు తప్ప ఎవరూ చూడరు" అన్నాను. నోటికి వచ్చింది అన్నాను. అది బండి కోసం చెప్పిన మాట కాదు తల్లీ. ఆయన పొద్దున్నే లేవడానికి ఒక వంక.

ఆ మాట నేను మర్చిపోయాను. ఆయన పట్టుకున్నాడు. పట్టుకోడా మరి! కాగితం మీద అరంగుళం అని రాసి ఉంటే అరంగుళమే కోసే మనిషి. "నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను" అని రాస్తే, నేను భోజనం గురించి అనుకున్నాను. నన్నేదైనా పెట్టి కొట్టాలి. మీ ఇద్దరినీ కూడా. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరు సాయంత్రం విప్పి, ఒకరు పొద్దున్న బిగించి, మధ్యలో ఒక్కసారైనా మాట్లాడుకోలేదా? నాకు రాయడానికి మాత్రం ఇద్దరికీ కాగితాలు దొరికాయి.

నువ్వన్న మాటలు నేనైనా అనేదాన్నేమో. వెంటనే రాయి. క్లచ్ సంగతి తర్వాత.

మీ వదిన


ఆగస్టు 17

వదినా,

లేవడం లేదు.

క్లచ్ బాగుంది. రెండు వేళ్ళతో లాగుతున్నాను, పొద్దున్నా అంతే, సాయంత్రమూ అంతే. చెయ్యి వాపు తగ్గింది. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. మేనేజరు నిన్న గడియారం చూడకుండానే నన్ను చూశాడు. కోరుకున్నవన్నీ జరిగాయి. ఇంటికొచ్చి, బండి ఆపి, లోపలికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు.

బండి మీద దుమ్ము పేరుకుంది. నేనే తుడవొచ్చు. తుడవను. తుడిస్తే ఆయన ఇక రాడనిపిస్తుంది.

తప్పయిపోయింది అన్నయ్యా అన్నాను. "నీ తప్పేముంది" అన్నాడు గోడతో. పోనీ రోజూ బిగించుకో, నా చెయ్యి ఎటు పోతే నాకేం అన్నాను. ఏడుస్తూనే అన్నాను. "వద్దులే, పాడు చేస్తాను" అన్నాడు. ఈ మాట విన్నాక నాకు నిజంగా భయమేసింది. నువ్వు రాలేవా?

నీ ఆడపడుచు


ఆగస్టు 25

అమ్మాయ్,

రాలేను. నవంబరుదాకా ఒప్పుకుని సంతకం పెట్టాను, మధ్యలో వస్తే ఇన్నాళ్ళ పనీ బూడిదలో పోసినట్టే. నిన్న వ్యాను ఎక్కి కూర్చున్నాను, నిజం. డ్రైవరు తాళం తిప్పాక దిగిపోయాను. ఆ తర్వాత నా కింది కుర్రాళ్ళందరికీ తిట్లు పడ్డాయి, పాపం.

ఆయన మీద జాలిపడకు. జాలిపడితే ఇంకా ముడుచుకుంటాడు. ఏడవకు. తప్పయిందని రోజూ చెప్పకు, అది కూడా ఆయన నెత్తిన బరువే. ఇన్నేళ్ళలో నేను తెలుసుకున్నది ఒక్కటే. ఎదుటివాళ్ళు కొలత తప్పు చేస్తుంటే ఆయన చూస్తూ ఊరుకోలేడు. మా పెళ్ళిలో మండపం గుడ్డ వంకరగా కట్టారని పీటల మీద నుంచి లేచి వెళ్ళాడు, మర్చిపోయావా?

అందుకని బండిని ఆయన కిటికీ ముందు పెట్టు. నువ్వే క్లచ్ సరిచెయ్యి. తప్పుగా చెయ్యి. నీకది పెద్ద కష్టం కాదులే.

పని జరగకపోయినా రాయి. ఏం రాయాలో తెలియకపోయినా రాయి.

మీ వదిన


సెప్టెంబరు 1

వదినా,

నిన్న మా మేనేజరు నా ఉద్యోగం సంగతి తేల్చే రోజు. నీ ఉత్తరం మొన్న సాయంత్రమే అందింది. నటించాలనే అనుకున్నాను. పొద్దున్నే బండి కిటికీ ముందు పెట్టి, పానా పట్టుకుని కూర్చున్నాను. తీరా నట్టు మీద చెయ్యి వేశాక, ఈ రోజు ఆలస్యమైతే ఉద్యోగం పోతుందని గుర్తొచ్చింది. నాటకం రేపు చూసుకుందాం, ఈ రోజుకి సరిగ్గానే చేద్దామనుకున్నాను. రెండు నాణేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, నా జన్మలో చెయ్యనంత జాగ్రత్తగా చేశాను.

కిటికీలోంచి, "అది కాదు" అని వినిపించింది.

తలెత్తాను. ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏది కాదు?"

"నాణేలతో కొలుస్తావా? ఒకటి అరిగిపోయి ఉంది, ఒకటి కొత్తది. హ్యాండిల్ నిటారుగా పెట్టుకుని చూస్తున్నావు. తిప్పితే కేబుల్ లాక్కోదూ?"

నాకు ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. "రెండు నెలలు బిగించి ప్లేట్లు మాడ్చినవాడివి నువ్వా నాకు చెప్పేది?" అన్నాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

"మాడ్చాను! ఎవరూ వదులు ఎంతుండాలో చెప్పకపోతే మాడ్చాను. మీ వదిన బిగించమంది, ఎంత అనలేదు. చెప్పి ఉంటే తెలిసేది కాదా? చంక దగ్గర లూజు వదలకుండా చొక్కా కుడితే చెయ్యి లేస్తుందా? ఈ లివరూ అంతే. లూజు సంగతి నాకా చెప్తారు మీరు? పక్కకి జరుగు!"

అరిచాడు వదినా. గొంతు చించుకుని అరిచాడు. ఇంటివాళ్ళు మేడ మీద నుంచి తొంగిచూశారు. చెప్పులు కూడా లేకుండా బయటికొచ్చాడు. పానా లాక్కున్నాడు. జేబులోంచి బట్టల మీద గీసే సుద్దబిళ్ళ తీశాడు. ఇన్ని నెలలుగా అది ఆ జేబులోనే ఉందా? లివర్ మొదట్లో ఆ బిళ్ళ దూర్చి, హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూశాడు. బిళ్ళ జారితే బిగించాడు, ఇరుక్కుంటే వదులు చేశాడు. నాకు ఆలస్యమవుతోందని మొత్తుకుంటే, "ఆగు, కుట్టు మధ్యలో లేస్తారా ఎవరైనా" అన్నాడు. నేను ఆగాను. నువ్వైనా ఆగేదానివే.

ల్యాబుకి ఆలస్యంగానే వెళ్ళాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మేనేజరు బాగా తిట్టి, ఇంకో నెల చూస్తానన్నాడు. లోపల నవ్వుతూనే ఉన్నానేమో, "ఏమిటా నవ్వు?" అని మళ్ళీ తిట్టాడు.

సాయంత్రం గేటు దగ్గర బండి ఆపానో లేదో, తాళం తీసుకున్నాడు. అన్నం తిని బయటికొచ్చి చూద్దును కదా, పెరట్లో దుప్పటి పరిచి ఉంది. దాని మీద నీ బండి ఉంది. బండి అంటే, సగం. క్లచ్ మూత, ప్లేట్లు, స్ప్రింగులు, పేరు కూడా తెలియని ముక్కలు. అన్నీ చొక్కా ముక్కల్లా వరసగా పేర్చి, ఒక్కోదాని పక్కన సుద్దతో గుర్తులు పెట్టాడు. స్ప్రింగులు ఒక్కొక్కటీ ఒక్కో పొడుగుంది, ఇలాంటి సరుకు మా కంపెనీలో అయితే వెనక్కి పంపేవాళ్ళమని గొణుగుతున్నాడు. పొద్దున్నకి బిగిస్తావా అంటే తలెత్తలేదు. మధ్యలో మాట్లాడించొద్దన్నాడు.

ఇవాళ కూడా అది దుప్పటి మీదే ఉంది. బిగించడం ఆయనకి వచ్చో రాదో నాకు తెలీదు, ఆయనకీ తెలీదనుకుంటాను. నువ్వు వెంటనే రాసి ఈ మనిషిని ఆపు.

వద్దు, ఆపకు. నేను బస్సులో వెళ్తాను.

నీ ఆడపడుచు